జీఆర్ఈ మాటలు బట్టీ పట్టకండి, వేరు పట్టుకోండి

విదేశాల్లో పైచదువులకు రాసే జీఆర్ఈ పరీక్ష కోసం రోజుకు 50 ఇంగ్లిష్ పదాలు బట్టీ పడదామని కూర్చున్నవాళ్లు చాలామంది వారం తిరక్కుండానే లిస్టు మూలన పడేస్తారు, నేనూ అదే బాపతు. దానికన్నా ఒక వేరు, అంటే మాటలు పుట్టిన మూలపదం, పట్టుకోండి, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు నాలుగైదు మాటలు వాటంతటవే వస్తాయి.

లాటిన్‌లో ‘గ్రెక్స్’ అంటే మంద. గ్రిగేరియస్ అంటే మందలో ఉండటం ఇష్టపడేవాడు, అంటే నలుగురితో ఇట్టే కలిసిపోయే మనిషి. సెగ్రిగేట్ అంటే మందలోంచి విడదీయడం, కాంగ్రిగేషన్ అంటే ఒకచోట చేరిన జనం. ఇక ఇగ్రీజియస్ తమాషా చూడండి: మందలోంచి విడిగా నిలిచేది అని అసలు అర్థం, ఒకప్పుడు మెచ్చుకోలుగా వాడేవారు, ఇప్పుడేమో ఘోరమైన తప్పుకే వాడుతున్నారు.

అంచేత వేరునొక్కదాన్నే నమ్ముకుంటే బోల్తా పడతాం, డిక్షనరీలో ఉదాహరణ వాక్యం కూడా చూడాలి. పైగా 2011లో జీఆర్ఈ నుంచి వ్యతిరేకపదాల ప్రశ్నలు తీసేశారు, ఇప్పుడు మాట వాక్యంలో ఎక్కడ ఇముడుతుందన్నదే అడుగుతారు.

తర్వాత కార్డు మీద ఒకవైపు మాట, వెనకవైపు మీ సొంత వాక్యం రాసుకోండి (వాగుడుకాయ స్నేహితుడి మీద ఒక వాక్యం రాస్తే ‘లొక్వేషస్’ జన్మలో మర్చిపోరు). మర్నాడు, మూడో రోజు, మళ్లీ వారానికి తీసి చూడండి. కార్డు తిప్పేముందు అర్థం కోసం కాసేపు గింజుకోవాలి, ఊరికే చదువుకుంటూ పోతే వచ్చేసినట్టే ఉంటుంది, పరీక్షలో మాత్రం రాదు.