పర్లాకిమిడి చిన్న రైలు నమూనాకి స్కేలు లెక్క

నౌపడా నుంచి 1900లో పర్లాకిమిడి వచ్చి, 1931లో గుణుపురం చేరిన నేరోగేజ్ లైనులో పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. అంటే 762 మిల్లీమీటర్లు. ఆ బండి నమూనా చేస్తామని మా వీధి పిల్లలు వస్తే ముందు ఈ అంకెనే రాయిస్తాను. పెట్టెను అట్టతో మనకు నచ్చిన కొలతకి కోసుకోవచ్చు. పట్టాలు, చక్రాలు మాత్రం దొరికిన సైజులోనే కొనాలి. అందుకే స్కేలును, అంటే నమూనా అసలు బండిలో ఎన్నో వంతు అన్నదాన్ని, అక్కడి నుంచే తేల్చుకోవాలి.

ఎక్కువగా దొరికేవి 16.5 మి.మీ. పట్టాలు, 9 మి.మీ. పట్టాలు. 762ని 16.5తో భాగిస్తే 46 పైచిలుకు వస్తుంది. దానికి దగ్గరగా అందరూ వాడే స్కేలు 1:48. ఆ లెక్కన పట్టాల మధ్య 15.9 మి.మీ. ఉండాలి, మన దగ్గరున్నది 16.5. అర మిల్లీమీటరు పైన తేడా, కంటికి ఆనదు. ఇల్లు ఇరుకైతే 9 మి.మీ. పట్టాలు తీసుకుని 1:87లో చేయండి. అక్కడ కావలసింది 8.76 మి.మీ., ఇంకా దగ్గర. నన్నడిగితే మొదటి నమూనాకి 1:48 మంచిది. కిటికీ చట్రం పిల్లల వేళ్ళకి అందుతుంది.

ఇప్పుడు ఆ దారిలో నడిచే బ్రాడ్‌గేజ్ బండి చేయాలంటే లెక్క వేరు. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. 16.5 పట్టాల మీద ఆ పెట్టె పెడితే కింద కాళ్ళు సన్నబడినట్టు కనిపిస్తుంది. అదే 1:100కి మారితే 16.8 వస్తుంది, చక్కగా సరిపోతుంది.

ఇక నమూనాకి ఆధారమయ్యే బండి డ్రాయింగు. దాని మీద స్కేలు రాసి ఉంటే ఒక్క భాగహారం చాలు: పాత స్కేలు అంకెను కొత్త అంకెతో భాగించండి. 1:72 బొమ్మను 1:48కి మార్చాలంటే 72ని 48తో భాగిస్తే ఒకటిన్నర. జిరాక్స్ షాపులో 150 శాతం అని చెప్పండి. 1:48 నుంచి 1:87కి 55 శాతం. అంకె పెద్దదైతే నమూనా చిన్నది. పిల్లలు తిరగేసేది ఇక్కడే. తగ్గాలా పెరగాలా అని ముందే కాగితం మీద రాసుకుంటే టెన్షన్ ఉండదు.

ఫోన్లో వచ్చిన డ్రాయింగుకి ఏ స్కేలూ నమ్మకం కాదు. ప్రింటు తీసి, బొమ్మలో పట్టాల మధ్య దూరం కొలవండి. 12 మి.మీ. ఉందనుకుందాం. మనకు కావలసింది 15.9 కదా, 15.9ని 12తో భాగిస్తే 1.32. కాబట్టి 132 శాతం. కాపీ తీసేముందు కాగితం అంచున నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి 100 మి.మీ. గీతలు గీయండి. రెండూ 132 అయితేనే డబ్బులివ్వండి. కొన్ని మిషన్లు ఒక దిక్కున కొంచెం సాగదీస్తాయి.

అడుగుల్లో రాసిన కొలతలైతే 1:48లో అడుగుకి 6.35 మి.మీ., 1:87లో మూడున్నర. పెట్టె వెడల్పు ఏడడుగులని ఉంటే 1:48లో నలభై నాలుగున్నర మి.మీ. అంగుళం మందం పలక అర మిల్లీమీటరు అవుతుంది, దానికి మంచి అట్ట చాలు. 1:87లో మాత్రం మందం లెక్కకి కట్టుబడకండి, వంగిపోతుంది. లోపల ఇంకో పొర అంటించి, తలుపు అంచుల దగ్గర మాత్రమే పలచగా చూపించండి.

మనిషి బొమ్మ నిలబెట్టి చూడటం నాకిష్టమైన పరీక్ష. అయిదడుగుల ఆరంగుళాల మనిషి 1:48లో 35 మి.మీ., 1:87లో 19. తలుపులోంచి దూరకపోతే ఎక్కడో అంకె తప్పింది.

ఒకే బండిని 1:87 నుంచి 1:48కి పెంచితే పొడవు 1.8 రెట్లే పెరుగుతుంది. కానీ అట్ట, రంగు 3.3 రెట్లు కావాలి. మందం కూడా అదే లెక్కన పెంచితే బరువు దాదాపు ఆరు రెట్లు. చిన్నదానికి కొన్న మోటారు దీన్ని లాగదు, ముందే పెద్దది చూసుకోండి.