బీటెక్ సీఎస్‌ఈలో ఎలెక్టివ్‌లు వెనక నుంచి ఎంచుకోండి

ఎలెక్టివ్ (మనమే ఎంచుకునే సబ్జెక్టు) ఫారం వచ్చాక కాదు, రెండో ఏడాదిలోనే సిలబస్ పుస్తకం ముందేసుకుని, దేనికి ముందు ఏది చదవాలో నాలుగో ఏడాది నుంచి వెనక్కి గీయండి. మెషీన్ లెర్నింగ్ కావాలంటే ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా ముందే గట్టిపడాలి. కంపైలర్ డిజైన్‌కు ఆటోమేటా థియరీ, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌కు ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ రెండూ. ఇవి లేకుండా తీసుకుంటే మిడ్ పరీక్షల నాటికి బట్టీయే దిక్కవుతుంది.

పేరు చూసి మోసపోవద్దు, యూనిట్లు చదవండి. డేటా మైనింగ్, మెషీన్ లెర్నింగ్ సిలబస్‌లలో క్లాసిఫికేషన్, క్లస్టరింగ్ తరచూ రెండు చోట్లా ఉంటాయి. ఎల్-టీ-పీ గడి (వారానికి లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్ గంటలు) కూడా చూడండి: 3-0-0 అంటే ల్యాబ్ లేదు, చేత్తో చేసేది మీరే సొంతంగా చూసుకోవాలి. ఒకే సెమిస్టర్‌లో మూడు బరువైన ల్యాబ్‌లు పడకుండా సర్దుకోండి.

చాలినంత మంది చేరకపోతే కాలేజీ ఆ సబ్జెక్టు నడపకపోవచ్చు. అందుకే రెండో ఆప్షన్ కూడా నిజంగా చదవగలిగేదే రాయండి, ఖాళీ నింపడానికి కాదు.

కాలేజీ ఎలెక్టివ్‌కు బదులుగా ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఆన్‌లైన్ వేదిక) కోర్సు పెట్టుకుంటే సాధారణంగా 12 వారాలదానికి 3 క్రెడిట్లు. సర్టిఫికెట్‌కు అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 విడివిడిగా రావాలి. చేరే ముందే క్రెడిట్ బదిలీకి విభాగాధిపతి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.