దుర్గాబాయి గురించి పిల్లచేత మాట్లాడించాలంటే

పుట్టిన తేదీతో మొదలుపెట్టనివ్వకండి. బడిలో తెలుగు చెప్పినన్నాళ్లూ వక్తృత్వ పోటీలకు పిల్లల్ని నేనే తయారుచేసేదాన్ని. స్వాతంత్ర్య సమరయోధురాలు, సంఘసేవకురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే అందరూ "1909 జూలై 15న రాజమండ్రిలో" అని అందుకునేవారు. రెండో వాక్యానికే వినేవాళ్లు దిక్కులు చూసేవారు.

గుమ్మం దగ్గర మొదలుపెట్టించండి. 1923, కాకినాడ కాంగ్రెసు సభలు. ఖద్దరు ప్రదర్శన వాకిట్లో పద్నాలుగేళ్ల వాలంటీరు దుర్గాబాయి. నెహ్రూ టికెట్టు లేకుండా వచ్చారు. ఆ పిల్ల ఆపేసింది. టికెట్టు కొన్నాకే దారిచ్చింది. ఇక్కడ పిల్లచేత చెయ్యి అడ్డం పెట్టించి, రెండు క్షణాలు ఆగమనండి. మా ఏడో తరగతి అమ్మాయి అలా నిలబడితే హాల్లో చప్పుడు లేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఉప్పు సత్యాగ్రహం, జైలు త్వరగా దాటించండి. అవి పిల్లలకు పాఠాల్లో వచ్చేవే.

ఎక్కువసేపు నిలపాల్సింది ఆవిడ నడిపిన పత్రిక దగ్గర. అందరూ వదిలేసేదీ అదే. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టారు. "ఆంధ్ర మహిళ" పత్రికకు సంపాదకురాలు ఆవిడే. ఇది అప్పజెప్పిస్తే అతకదు. పిల్లను ఇంటికి పంపి, "మీకోసం ఒక పత్రిక వస్తే అందులో ఏముండాలి?" అని అమ్మనీ అమ్మమ్మనీ అడిగి రమ్మనండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే ప్రసంగంలో పెట్టించండి. ఒకావిడ "రేషను కార్డు కాగితం ఎలా రాయాలో వెయ్యమను" అన్నారట. దాన్ని దిద్దకుండా అలాగే ఉంచాను.

రాజకీయాలకు వచ్చాక పదవుల జాబితా చదివించకండి. మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు వెళ్లిన ఆవిడ, రాజ్యసభ సభ్యులు కావడానికి 35 ఏళ్లు అక్కర్లేదు, 30 చాలని సవరణ తెచ్చి నెగ్గించుకున్నారు. ఆ ఒక్కటీ చాలు. తర్వాత 1952 లోక్‌సభ ఎన్నికల్లో ఓడిపోయారు. పిల్లలు ఈ మాట మింగేస్తారు. గట్టిగా చెప్పించండి, వెంటనే 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారని కలపండి.

అయిదు నిమిషాల్లో రెండు పత్రికకే ఇవ్వండి. 1975 పద్మవిభూషణ్‌కు ఒక్క వాక్యం. గుమ్మం దగ్గర చాపిన చెయ్యి మాత్రం చివర్లో మళ్లీ చూపించనివ్వకండి, ఒక్కసారే.