హెచ్‌బీఏ1సీ రిపోర్టును ఎలా చదవాలి?

"మూడు నెలల షుగర్ 6.2 వచ్చింది, ఇక పర్లేదు" అంటూ మాత్రలు మానేసేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. గత మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడటమూ తప్పే, ధీమాగా ఉండటమూ తప్పే.

1. రక్తం ఇవ్వండి. పరగడుపున వెళ్లక్కర్లేదు. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే) పద్ధతిలో చేసే ల్యాబ్ ఒకటి చూసుకుని, ప్రతిసారీ అక్కడే ఇవ్వండి. డిస్కౌంట్ల కోసం ల్యాబులు మార్చకూడదు.

2. అదే రోజు సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) కూడా చేయించండి.

3. అందరూ వదిలేసేది ఇక్కడే. ముందు సీబీపీ కాగితం తీసి హిమోగ్లోబిన్, ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) చూడండి. హెచ్‌బీఏ1సీ కొలిచేది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీదే ఈ లెక్కంతా నిలబడింది. ఆ ఆయుష్షు మారితే అంకె కూడా మారిపోతుంది, షుగర్ మారకపోయినా సరే.

ఐరన్ లోపం ఉంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇది ఎక్కడో అరుదుగా జరిగే విషయం కాదు. హిమోగ్లోబిన్ 8.5, ఎంసీవీ 68 ఉన్న మనిషికి 6.6 వస్తే, దాన్ని బట్టే షుగర్ జబ్బని ముద్ర వేయకూడదు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూడాలి, తలసీమియా ట్రెయిట్ (వంశపారంపర్యంగా వచ్చే హిమోగ్లోబిన్ లోపం) ఉందేమో అడగాలి, ఫాస్టింగ్, తిన్న తర్వాతి షుగర్ చూశాకే తేల్చాలి.

దీనికి తిరగబడిన సంగతి ఇంకా ప్రమాదం. ఎర్రకణాలు త్వరగా చనిపోతుంటే, లేదా కొత్తవి ఎక్కువగా చేరుతుంటే అంకె తక్కువ రావచ్చు, లోపల షుగర్ మాత్రం ఎక్కువగానే ఉండొచ్చు. సికిల్ సెల్ జబ్బు (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు), ఈమధ్య రక్తం ఎక్కించుకోవడం, డయాలసిస్‌లో ఎరిత్రోపొయిటిన్ (ఎర్రకణాలు పెంచే) ఇంజెక్షన్లు, గర్భం, ఇవన్నీ ఆ కోవలోవే. ఏజెన్సీ ప్రాంతాలవారైతే సికిల్ సెల్ పరీక్ష అయిందో లేదో డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఇలాంటివాళ్లకు గత రెండు మూడు వారాల షుగర్ లెక్క చెప్పే ఫ్రక్టోసమైన్ టెస్టు రాయమని అడగొచ్చు.

4. గ్లూకోమీటర్‌తో సరిచూడండి. హెచ్‌బీఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసేస్తే సగటు షుగర్ వస్తుంది. 7 అంటే 154. మీ నోట్‌బుక్‌లోని గ్లూకోమీటర్ రీడింగుల సగటు (యాప్‌లు వద్దు, కాగితం మీదే రాయండి) దీనికి చాలా దూరంగా ఉంటే, ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఫాస్టింగ్ ఒక్కటే చూసేవాళ్లకు ఈ లెక్క ఎప్పటికీ కుదరదు. పళ్లెం నిండా అన్నం తినే మన ఇళ్లలో, తిన్న రెండు గంటలకు చూడని షుగర్ సగం లెక్కే. పైగా ఇది సగటు. 60కి పడి 250కి ఎగబాకే మనిషికీ, 150 దగ్గర నిలకడగా ఉండే మనిషికీ ఒకే అంకె రావచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు అప్పుడప్పుడూ రాత్రి రెండింటికి కూడా చూసుకోవాలి.

5. రెండు రిపోర్టులూ, నోట్‌బుక్కూ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పటిదాకా ఏ మాత్రా మానొద్దు, పెంచొద్దు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టి ఉంటే ఆ తేదీ కూడా చెప్పండి. రక్తం కోలుకునే కొద్దీ ఈ అంకె తగ్గుతుంది, షుగర్ తగ్గిందని పొరబడతారు.