గోదావరి జిల్లాలకు కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు: మాటల్లో ఎలా మెలగాలి

విదేశాల్లో పుట్టి పెరిగి, చదువుకో ఉద్యోగానికో తాతగారి ఊళ్లో కొన్నాళ్లు ఉండటానికో ఇక్కడికి వచ్చిన తెలుగు కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడి ఉంటారు. అయినా అమలాపురంలోనో భీమవరంలోనో టీ కొట్టు దగ్గర నలుగురు కుర్రాళ్లు మాట్లాడుకునేది వెంటనే అందదు. టెన్షన్ పడకండి.

"బ్రో" అన్నిచోట్లా చెల్లుతుంది. చనువు పెరిగాక "మామా", "బావా" మొదలవుతాయి. చుట్టరికం ఏమీ ఉండదు. మన ఇళ్లలో బావా బావమరుదుల మధ్య వేళాకోళం ఎప్పటినుంచో ఉన్నదే కాబట్టి, స్నేహితుణ్ని బావా అంటే ఆటపట్టించడానికి ఒప్పుకున్నట్టే. కానీ ఆ పిలుపు వీధి వరకే. అతని అక్కచెల్లెళ్ల ముందు అలా పిలవకండి, అక్కడ ఆ మాటకు అసలు చుట్టరికం వచ్చి కూర్చుంటుంది. "రా" కూడా అవతలివాడు "ఏరా" అన్నాకే. ఒక్క ఏడాది పెద్దయినా "అన్నా" అనండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా వినాల్సింది మర్యాదని. మా వైపు మాటల్లో "అండి", "ఆయ్" మామూలుగానే ఎక్కువ. పెద్దవాళ్ల దగ్గర అది నిజమైన గౌరవం. నిన్నటిదాకా "ఏరా" అన్న ఈడువాడు మాత్రం ఇవాళ "రండి గురువుగారూ, తమరి కోసమే చూస్తున్నాం" అన్నాడంటే, మీరు ఆలస్యంగా వచ్చారనో కొత్త కళ్లజోడు పెట్టుకుని బిల్డప్ ఇస్తున్నారనో అర్థం. ఇదే గోదావరి వెటకారం. ముఖం ముడుచుకోకండి. ముడుచుకుంటే మర్నాటి నుంచి నిజంగానే "అండి" అంటారు, దూరం పెడతారు. "ఆయ్, వచ్చేశామండి, కుర్చీ వేయించండి" అని అదే మర్యాదతో తిప్పికొడితే గుంపులో కలిసిపోయినట్టే. బూతు లేకుండా, గొంతు పెంచకుండా ఎదుటివాడి గాలి తీసే ఈ పద్ధతంటే నాకు ప్రాణం.

ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023లో ఆ ఏటి మాటగా ఎంచిన "రిజ్" (ఎదుటివాళ్లను ఆకట్టుకునే నేర్పు) ఇక్కడి కాలేజీ కుర్రాళ్లకూ తెలుసు. అయినా అమ్మాయిని కబుర్లతో ఆకట్టుకోవాలని చూసేవాణ్ని "పులిహోర కలుపుతున్నాడు" అనే అంటారు. పొగిడి పని చేయించుకోవడం "బిస్కెట్ వేయడం". గట్టివాడు "తోపు", ఎక్కువగా ఎగతాళికే. స్నేహితుల మధ్య ఇవన్నీ సరదా. దారినపోయే అమ్మాయికి వినబడేలా అంటే అది వేధింపు. ఎంతమంది నవ్వుతున్నా మీరు అందులో కలవకండి.

"మనోడేనా?" అని అడిగితే కాస్త ఆగండి. ఒక్కోసారి ఊరు అడుగుతారు, ఒక్కోసారి అభిమాన హీరోని, చాలాసార్లు కులాన్ని. ఈ అలవాటు నాకు నచ్చదు, కుర్రాళ్లలో ఇంకా ఉండటం బాధగా ఉంటుంది. తాతగారి ఊరు పేరు చెప్పి మాట మార్చండి. హీరోల మీద జోకులూ కొత్తలో వద్దు.

చెవి అలవాటు కావాలంటే సంక్రాంతికి ఇక్కడే ఉండండి. కనుమ నాడు స్నేహితులతో కలిసి కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లండి. పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించి భుజాల మీద మోసుకొచ్చే వాటి మీద, వచ్చే ఆ తోటలో ఎటు చూసినా కుర్రాళ్లే, ఎటు విన్నా వాళ్ల మాటలే.

అర్థం కాని మాట ఏదైనా వింటే ఇంట్లో వాడేముందు స్నేహితుణ్ని పక్కకు పిలిచి అడగండి. ఫోన్లలో తిరిగే పొట్టి మాటలు కొన్నిటి వెనుక పచ్చి బూతు ఉంటుంది. ముఖ్యంగా "ఎర్రి"తో మొదలయ్యేవి అమ్మమ్మ ముందు అనకండి.