మిద్దె మీద నీలి స్తంభం కాక్టస్

తిరుపతిలో మా మిద్దె మీద నడుమెత్తు నీలి కాక్టస్ ఉంది. పేరు పైలోసోసెరియస్ పాకిక్లేడస్, పుట్టిల్లు బ్రెజిల్. నీలం ఒంటి మీద బంగారు రంగు ముళ్లు, పొద్దున ఎండలో చూడాలి!

మన ఎండను బాగానే తట్టుకుంటుంది. కాకపోతే నర్సరీ నీడలో పెరిగిన మొక్కను రెండు మూడు వారాలు నీడనిచ్చే నెట్ కింద అలవాటు చేయండి, లేకపోతే మాడిన మచ్చలు పోవు. ఆ నీలం మైనపు పొర. చేత్తో రుద్దకండి.

అసలు టెన్షన్ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలే. ఒక నవంబరు ముసురులో బయటే వదిలేశాను, మొదలు మెత్తబడి కుళ్లింది. ఏడుపొచ్చింది. పైన గట్టిగా ఉన్న ముక్కను, లోపల గోధుమ రంగు మచ్చ కనిపించని చోటుదాకా శుభ్రమైన కత్తితో కోసి, నీడలో 15 రోజులు ఆరబెట్టి నాటాను. ఇప్పుడున్నది అదే. అప్పటి నుంచి దసరా దాటగానే కుండీ రేకు కిందికి వెళ్తుంది.

చిల్లున్న మట్టి కుండీ, ఒక పాలు ఎర్రమట్టి, రెండు పాళ్లు ముతక ఇసుక, ఇటుక ముక్కలు, గుప్పెడు మాగిన పశువుల ఎరువు చాలు. మట్టి అడుగుదాకా ఆరాకే నీళ్లు. చలికాలంలో నెలకోసారి, అదీ కొంచెమే.