పాత 486లో నెట్‌వర్క్ కార్డ్ పనిచేయట్లేదా? ముందు లైట్ చూడండి

అటక మీద నుంచి 486 కంప్యూటర్ దించి దుమ్ము దులిపి, డాస్ (విండోస్‌కి ముందున్న ఆపరేటింగ్ సిస్టమ్) బూట్ అయ్యాక చాలామందికి వచ్చే మొదటి ఆలోచన ఒకటే, ఈ ఫ్లాపీల గోల లేకుండా ఫైల్స్ నెట్‌వర్క్ మీద పంపిస్తే ఎంత బాగుంటుంది అని. బాగానే ఉంటుంది, కానీ ఆ ఐఎస్ఏ (పాత రకం స్లాట్) నెట్‌వర్క్ కార్డ్ ఊరికే లొంగదు. ఇక్కడ చెప్పేది ఎక్కువగా కనిపించే రెండు రకాల గురించి: ఒకటి 3కామ్ 3సీ509బీ, ఇంకోటి ఎన్ఈ2000 క్లోన్లు (వీటిలో చాలావాటి మీద రియల్‌టెక్ 8019 చిప్ ఉంటుంది). సాఫ్ట్‌వేర్ వైపు డాస్, ప్యాకెట్ డ్రైవర్ (కార్డ్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్), దాని మీద మైకేల్ బ్రట్‌మన్ రాసిన ఎంటీసీపీ (డాస్‌కి నెట్‌వర్క్ ప్రోగ్రాముల సెట్). కొనే చాన్స్ మీ చేతిలో ఉంటే మాత్రం 3కామ్‌దే తీసుకోండి, సగం తలనొప్పి అక్కడే పోతుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట. డీహెచ్‌సీపీ (రూటర్ నుంచి ఐపీ అడ్రస్ తెచ్చుకోవడం) ఫెయిల్ అవ్వగానే కాన్ఫిగ్ ఫైల్ కెలకడం మొదలుపెడతారు అందరూ. అక్కడ కాదు, కింద నుంచి రండి. లైట్, తర్వాత కార్డ్, తర్వాత ఐఆర్‌క్యూ (కార్డ్ ప్రాసెసర్‌ని పిలిచే లైన్ నంబర్), చివర్లో ఐపీ.

సమస్య: కేబుల్ పెట్టినా లైట్ వెలగట్లేదు

కొన్ని కార్డుల్లో డ్రైవర్ లోడ్ అయ్యాకే లింక్ లైట్ వస్తుంది, కాబట్టి పవర్ ఆన్ చెయ్యగానే రాలేదని కంగారు పడకండి. డ్రైవర్ ఎక్కాక కూడా రాకపోతే కార్డ్ వెనకాల చూడండి, గుండ్రటి బీఎన్‌సీ (పాత కోయాక్సియల్ కేబుల్‌ది), మామూలు ఆర్‌జే45 సాకెట్లు రెండూ ఉన్నాయా? అలాంటి కాంబో కార్డ్ అయితే అది పూర్వం ఏ ఆఫీసులోనో బీఎన్‌సీకి సెట్ చేసి ఉండొచ్చు, ఆ సెట్టింగ్ కార్డ్ మీదే చిన్న చిప్‌లో ఉండిపోతుంది, ఇన్నేళ్లయినా పోదు. 3కామ్ వాళ్ల కాన్ఫిగరేషన్ ప్రోగ్రామ్ (3సీ5ఎక్స్9సీఎఫ్‌జీ) డాస్‌లో రన్ చేసి మీడియా టైప్‌ని ట్విస్టెడ్ పెయిర్‌కి (అంటే ఆర్‌జే45కి) మార్చండి. రియల్‌టెక్ కార్డులకి ఆర్‌సెట్8019 అని విడిగా ఉంది.

అదీ సరిగ్గానే ఉంటే తప్పు స్విచ్‌ది కావచ్చు. ఈ కార్డులు 10 ఎంబీపీఎస్ మాత్రమే మాట్లాడతాయి. మామూలు గిగాబిట్ స్విచ్‌లు చాలావరకు 10కి దిగొస్తాయి కానీ ఇప్పుడొచ్చే 2.5 గిగాబిట్, 10 గిగాబిట్ పోర్టులు కొన్ని 100 కిందకి దిగవు, అసలు లింకే ఇవ్వవు. మూలన పడేసిన పాత 10/100 స్విచ్ ఒకటి మధ్యలో పెట్టండి, పని అయిపోతుంది. రెండు పాత మెషీన్లని నేరుగా కలిపితే మాత్రం క్రాసోవర్ కేబుల్ కావాలి, కొత్త పోర్టులు వైర్లని వాటంతట అవే సర్దుకుంటాయి గానీ వీటికి ఆ తెలివి లేదు.

సమస్య: డ్రైవర్ "కార్డ్ లేదు" అంటుంది, లేదా మ్యాక్ అడ్రస్ అంతా ఎఫ్ఎఫ్‌లే

మ్యాక్ (ప్రతి కార్డ్‌కీ ఉండే సొంత నంబర్) మొత్తం ఎఫ్ఎఫ్ వచ్చిందంటే డ్రైవర్ చదివిన చోట ఏమీ లేదని అర్థం. ఖాళీ పోర్ట్ చదివితే అలాగే వస్తుంది.

ముందు కార్డ్ స్లాట్‌లో సరిగ్గా కూర్చుందా చూడండి, చూసేటప్పుడు స్క్రూ బిగించాక చూడాలి. బ్రాకెట్ కొంచెం వంగి ఉంటే స్క్రూ బిగించేకొద్దీ అటు చివర కిందకి దిగి ఇటు చివర పైకి లేస్తుంది, పక్కనుంచి చూస్తే బంగారు రంగు కాంటాక్టులు ఒకవైపు రెండు మిల్లీమీటర్లు బయటికి కనిపిస్తాయి. స్క్రూ కాస్త వదులు చేసి, కార్డ్ నొక్కి, బ్రాకెట్ సరిచేసి మళ్లీ బిగించండి. ఆ కాంటాక్టులు నల్లబడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, కోస్తా ఊళ్లలో ఉన్న మెషీన్లకి ఇది తప్పనిసరి, ఉప్పుగాలి స్లాట్ లోపలికి కూడా పోతుంది.

కార్డ్ బాగానే కూర్చుంటే రెండో అనుమానం ప్లగ్ అండ్ ప్లే, అంటే కార్డ్‌కి అడ్రస్, ఐఆర్‌క్యూ మెషీనే ఇచ్చే పద్ధతి. పాత 486 బయోస్‌లకి (మెషీన్ ఆన్ చెయ్యగానే నడిచే బోర్డు ప్రోగ్రామ్) ప్లగ్ అండ్ ప్లే అంటే ఏంటో తెలీదు, కార్డేమో ఎవరైనా వచ్చి అడ్రస్ ఇస్తారని ఎదురుచూస్తూ ఊరుకుంటుంది. పైన చెప్పిన అదే ప్రోగ్రామ్‌లో ప్లగ్ అండ్ ప్లే ఆఫ్ చేసి, ఐఓ (కార్డ్‌తో మాట్లాడే పోర్ట్ అడ్రస్) 300, ఐఆర్‌క్యూ 10 అని చేత్తో పెట్టి సేవ్ చేసి, మెషీన్ పూర్తిగా ఆపి ఆన్ చెయ్యండి.

మూడోది చాలా చిన్న విషయం, చాలామంది పడేది కూడా ఇక్కడే. ఎన్ఈ2000 ప్యాకెట్ డ్రైవర్‌కి వరుసగా మూడు నంబర్లు ఇవ్వాలి, సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్ 60 (మిగతా ప్రోగ్రాములు డ్రైవర్‌ని పిలిచే నంబర్), తర్వాత ఐఆర్‌క్యూ, తర్వాత ఐఓ అడ్రస్. వీటిలో 60, ఐఓ అడ్రస్ హెక్స్ (16 ఆధారంగా లెక్కించే) నంబర్లు. హెక్స్ నంబర్‌కి ముందు సున్నా, ఎక్స్ (0x) పెట్టకపోతే అది మామూలు దశాంశ సంఖ్య అనుకుంటుంది, 300 అని ఊరికే కొడితే వేరే చోటెక్కడో వెతుకుతుంది. అలాగే ఐఆర్‌క్యూ 10కి సున్నా ఎక్స్ తగిలిస్తే అది 16 అవుతుంది, అలాంటి ఐఆర్‌క్యూ అసలు లేనే లేదు.

సమస్య: అంతా బాగుంది, లైట్ మినుకుతుంది, డీహెచ్‌సీపీ మాత్రం టైమౌట్

ఇదీ అసలు కేసు. డ్రైవర్ నవ్వుతూ లోడ్ అవుతుంది, మ్యాక్ కరెక్ట్‌గా చూపిస్తుంది, పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందా అని చూసే కమాండ్) కొడితే స్విచ్ మీద లైట్ కూడా వెలుగుతుంది, జవాబు మాత్రం రాదు. పదిలో తొమ్మిది సార్లు ఐఆర్‌క్యూనే కారణం. ఎందుకంటే ప్యాకెట్ పంపడానికి ఐఓ అడ్రస్ సరిపోతుంది, డ్రైవరే వెళ్లి కార్డ్‌లో రాసేస్తుంది. రావడానికి మాత్రం కార్డే ప్రాసెసర్‌ని పిలవాలి, ఆ పిలుపే ఐఆర్‌క్యూ. అది తప్పైతే కార్డ్ పిలుస్తూనే ఉంటుంది, వినేవాడు ఉండడు. ఎంటీసీపీతో వచ్చే పీకేటీటూల్‌లో లిజన్ అని ఇచ్చి చూడండి, ఇంట్లో వేరే మెషీన్లు ఆన్‌లో ఉన్నా ఒక్క ప్యాకెట్ కూడా కనబడకపోతే దాదాపు ఖాయం.

ఎన్ఈ2000 క్లోన్లు ఎక్కువగా ఐఆర్‌క్యూ 3 మీద వస్తాయి, అది కామ్2 సీరియల్ పోర్ట్‌ది. కామ్1ది 4, సౌండ్ కార్డ్ 5 (కొన్ని 7), ఫ్లాపీ 6, ప్రింటర్ 7, పీఎస్/2 మౌస్ ఉంటే 12, హార్డ్ డిస్క్ 14. మిగిలేవి 10, 11, వాటిలో ఒకటి ఇవ్వండి. కార్డ్ 3 తప్ప తీసుకోనంటే కామ్2ని ఆపెయ్యాలి, 486ల్లో అది చాలాసార్లు బయోస్‌లో కాదు, హార్డ్ డిస్క్ కేబుల్ తగిలే మల్టీ ఐఓ కార్డ్ మీద జంపర్‌గా (పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్) ఉంటుంది. 8 బిట్ స్లాట్‌లో పెట్టిన కార్డ్‌కి మాత్రం 10, 11 అందవు, ఆ లైన్లు 16 బిట్ స్లాట్ వెనక ముక్కలో ఉంటాయి.

పీసీఐ (ఐఎస్ఏ తర్వాత వచ్చిన స్లాట్) కూడా ఉన్న పెంటియం బోర్డైతే ఇంకో మెలిక. మీరు కార్డ్‌కి 10 ఇచ్చారు, బయోస్‌కి ఆ సంగతి తెలీదు, అదే 10 తీసుకెళ్లి పీసీఐ గ్రాఫిక్స్ కార్డ్‌కి ఇచ్చేస్తుంది. బయోస్‌లో పీఎన్‌పీ/పీసీఐ పేజీకి వెళ్లి ఐఆర్‌క్యూ 10ని లెగసీ ఐఎస్ఏ అని మార్చండి.

సమస్య: నెట్ వచ్చింది, సౌండ్ పోయింది (లేదా ప్రింటర్ పోయింది)

ఎన్ఈ2000 ఒక్క అడ్రస్ కాదు, వరసగా 32 పోర్టులు ఆక్రమిస్తుంది. 320 దగ్గర పెడితే 33ఎఫ్ దాకా పోతుంది, మధ్యలో 330 దగ్గర సౌండ్ బ్లాస్టర్ 16 మిడీ పోర్ట్ ఉంటుంది. 360లో పెడితే 37ఎఫ్ దాకా, 378 దగ్గర ప్రింటర్. 300 గానీ 340 గానీ వాడండి, గొడవ ఉండదు.

సమస్య: బీఎన్‌సీ కేబుల్ వేశాం, లింక్ ఒకసారి ఉంటుంది ఒకసారి పోతుంది

ఇంట్లో మిగిలిన కేబుల్ టీవీ వైర్ కనెక్టర్ మార్చి వాడారా? అది 75 ఓమ్‌లది, దీనికి కావాల్సింది 50 ఓమ్‌ల ఆర్‌జీ58. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి, వైర్ మీద అచ్చు చదవండి. టీ కనెక్టర్ (కేబుల్‌ని కార్డ్‌కి కలిపే టీ ఆకారపు ముక్క) నేరుగా కార్డ్‌కే తగలాలి, మధ్యలో ముక్క కేబుల్ పెట్టకూడదు. రెండు చివర్లా 50 ఓమ్ టర్మినేటర్లు (కేబుల్ చివర మూసే రెసిస్టర్లు) ఉండాలి. చెక్ చెయ్యడం చాలా ఈజీ, మెషీన్లన్నీ ఆపేసి ఒక టీని కార్డ్ నుంచి తీసి మధ్య పిన్నుకి, బయటి లోహానికి మల్టీమీటర్ పెట్టండి: 25 ఓమ్‌లకి దగ్గర్లో చూపిస్తే రెండు టర్మినేటర్లూ బాగున్నట్టు, 50 చూపిస్తే ఒక చివర తెగింది, సున్నా అయితే ఎక్కడో షార్ట్.

సమస్య: ఐపీ వచ్చింది, అయినా పని అవ్వట్లేదు

ఎంటీసీపీ డీహెచ్‌సీపీకి వచ్చిన ఐపీని కాన్ఫిగ్ ఫైల్‌లోనే రాసుకుంటుంది. రైట్ ప్రొటెక్ట్ పెట్టిన ఫ్లాపీ మీద నుంచి రన్ చేస్తే రాయలేదు, తర్వాత ఎఫ్‌టీపీ, పింగ్ అన్నీ ఏడుస్తాయి. ఎంటీసీపీసీఎఫ్‌జీ వేరియబుల్ (కాన్ఫిగ్ ఫైల్ ఎక్కడుందో చెప్పే డాస్ సెట్టింగ్) ఆ ఫైల్‌నే చూపిస్తోందా, అందులో ప్యాకెట్ ఇంటరప్ట్ 60 అనే ఉందా అదీ చూడండి.

విండోస్ 98లో 169.254తో మొదలయ్యే ఐపీ కనిపిస్తే రూటర్ జవాబు ఇవ్వలేదని అర్థం, మళ్లీ పైన ఐఆర్‌క్యూ దగ్గరికే వెళ్లండి. కొత్త విండోస్ షేర్లు 98లో కనిపించకపోవడం మాత్రం కార్డ్ తప్పు కాదు, ఎస్ఎంబీ1 (98 వాడే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి) ఇప్పుడు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చెయ్యడం కన్నా పక్క మెషీన్‌లో ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టుకోవడం మంచిది. పాత బ్రౌజర్‌లో సైట్లు తెరుచుకోకపోవడం కూడా అంతే, ఈనాటి హెచ్‌టీటీపీఎస్ దానికి అర్థం కాదు.

సమస్య: నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ లేదు

బయోస్‌లో తేదీ చూడండి. 1980కో 1990కో వెళ్లిపోయి ఉంటే బ్యాటరీ అయిపోయింది, దాంతోపాటు మీరు పెట్టిన లెగసీ ఐఎస్ఏ సెట్టింగ్ కూడా పోయింది. నాణెం బ్యాటరీ అయితే కొత్తది వేసి సెట్టింగులు మళ్లీ పెట్టండి. 486 బోర్డు మీద సోల్డర్ చేసిన నీలం పీపా లాంటి నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటే దాన్ని ఇవాళే కట్ చేసి తీసెయ్యండి, కారిందంటే కింద ఉన్న ట్రాక్‌లు తినేస్తుంది. ఆకుపచ్చ బూజులా కనిపిస్తే వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి బాగా ఆరనివ్వండి. ఐఎస్ఏ స్లాట్ లైన్లు ఆ పక్కనుంచే వెళ్తుంటే మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ కంటిన్యుటీ చూసుకోవాలి.